గేటు లోపల మొండయ్య

లాక్‌డౌన్ పెట్టగానే సూరత్ శివార్లలోని వడోద్‌లో సారా ఆగిపోయింది. గుజరాత్‌లో మందు ఎప్పుడూ నిషేధమే అయినా ప్లాస్టిక్ పొట్లాల్లో దొంగచాటుగా దొరికేది. ఇప్పుడు గల్లీ మొదట్లో పోలీసులు కూర్చున్నారు. సిరిసిల్ల నుంచి వచ్చి సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్న మొండయ్య, పొట్లం లేకుండా ఏళ్ల తరబడి ఒక్క షిఫ్టూ చేయలేదు.

గిట్లనన్న మానుతడని భార్య ఐలమ్మ మొదట సంతోషించింది. రెండు రోజులకు అతను మంచం మీద కూర్చుని, గాల్లో రెండు వేళ్లతో ఏదో ముడివేయడం మొదలుపెట్టాడు.

"ఏం జేస్తున్నవ్?"

"పోగులు తెగుతున్నయే. అతకకుంటే బట్ట ఖరాబైతది."

ఆమె అతని చేతులు పట్టుకుంది. చెమటతో తడిసి, ఆగకుండా వణుకుతున్నాయి. కూతురు హారతిని చూసి, "ఈ పొల్ల ఎవరు?" అన్నాడు. హారతి తల్లి వైపు తిరిగింది.

"సర్కారు దవాఖానకు తీస్కపోదాం అమ్మా."

"వద్దు బిడ్డా. అంత కరోనా వార్డులే అయినయట. పోయినోళ్లు మల్ల వస్తలేరట."

పక్కింటి దశరథం ఒక ఫోన్ నంబరు ఇచ్చాడు. బార్డోలీ దారిలో మందు మాన్పించే ప్రైవేటు కేంద్రం. యజమానే వ్యాన్ తీసుకొచ్చాడు. తన దగ్గర కరోనా భయం లేదనీ, మూడు నెలల్లో కొత్త మనిషిని చేసి పంపుతాననీ హిందీలో చెప్పి, పైసలు ముందే తీసుకున్నాడు. ఇద్దరు మనుషులు మొండయ్యను చంకల కింద పట్టి ఎక్కించారు.

"నన్ను యాడికి పంపుతున్నవే?" అన్నాడతను.

మర్నాడు ఉదయం హారతి స్పీకర్ పెట్టి కేంద్రానికి ఫోన్ చేసి, డాక్టరు చూశాడా అని అడిగింది.

"డాక్టరెందుకు? నేనూ ఒకప్పుడు తాగినవాణ్నే. మనసు గట్టిచేసుకుంటే చాలు," అన్నాడు యజమాని.

ఆ మాటల వెనక ఎవరో అరుస్తున్నారు. ఆ గొంతు ఎవరిదో ఐలమ్మకు తెలుసు. ఫోన్ కట్టయింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

బస్సులు లేవు. కూరగాయల టెంపో నడిపే అతన్ని బతిమాలి తల్లీకూతుళ్లు అక్కడికి చేరారు. ఎత్తయిన ప్రహరీ, గేటుకు గొలుసు. కొవిడ్ వల్ల ఎవరినీ కలవనివ్వమని యజమాని లోపలినుంచే చెప్పాడు. ఐలమ్మ గేటు రేకుల సందులోంచి చూసింది. మొండయ్య వరండాలో నేల మీద ఉన్నాడు. కాళ్లకు తాడు. ఒళ్లంతా ఎగిరెగిరి పడుతోంది, నోట్లో నురగ. పక్కన నిలబడ్డ మనిషి, "నాటకాలు," అంటున్నాడు.

"హారతీ, ఎవలనన్న పిలువు బిడ్డా. మీ నాయిన సచ్చిపోతుండు."

హారతి 108కి ఫోన్ చేసింది. అంబులెన్సు కూత దగ్గరికి రాగానే, ఎవరూ అడగకముందే గొలుసు ఊడింది.

అంబులెన్సు సర్కారు దవాఖాన ముందు ఆగింది. తెల్ల ముసుగుల్లో ఎవరి మొహమూ కనబడక ఐలమ్మ గుమ్మంలోనే బిగుసుకుపోయింది. ఒక డాక్టరమ్మ ఆమె దగ్గరికొచ్చి గుజరాతీలో మాట్లాడింది. హారతి తెలుగులో చెప్పింది: "ఇది కరోనా వార్డు గాదట అమ్మా. రోజు తాగెటోళ్లకు ఒక్కసారే బందయితే ఫిట్స్ వస్తయట, పానమే పోతదట. మందులిచ్చి మెల్లగ మాన్పాలట. ఇక్కడ మందులు ఊరికెనే ఇస్తరట."

"ఊరికెనేనా?" అంది ఐలమ్మ. అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది.

మూడో రోజు మొండయ్య కళ్లు తెరిచి, "జర మంచినీళ్లియ్యే," అన్నాడు. కేంద్రంలో గడిపిన రాత్రి అతనికి గుర్తులేదు. ఆమె గుర్తుచేయలేదు.

మరుసటి ఏడు కరోనా మళ్లీ విరుచుకుపడినప్పుడు ఆ వార్డు మంచాలు కూడా కరోనా రోగులకే ఇచ్చేశారు. డాక్టరమ్మ ఫోన్‌లోనే మందులు చెప్పేది, హారతి వెళ్లి తెచ్చేది. గల్లీలో పొట్లాలు మళ్లీ దొరుకుతున్నాయి. మొండయ్య బయటికి వెళ్లిన ప్రతిసారీ, తిరిగొచ్చేదాకా ఐలమ్మ గుమ్మంలో నిలబడేది. అతను వచ్చి, అడగకముందే దగ్గరగా నిలబడి మాట్లాడేవాడు. వాసన లేదని తేలాకే ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చేది.