లోపలి లైనింగు

"నడుము అరంగుళమైనా పెరగలేదు కదే, మరి ప్యాంటు రెండంగుళాలు వదులు చెయ్యమంటావేంటి?" పెదవుల మధ్య గుండుసూదులు జారకుండానే దర్జీ పెద్దమ్మ చెల్లెలి కూతుర్ని నిలదీసింది.

"నెలకి నాలుగు రోజులు నొప్పి పొత్తికడుపు మీద ఏదీ ఆననివ్వదు పెద్దమ్మా. అమ్మేమో అందరికీ మామూలే అంటుంది."

పెద్దమ్మ సూదులన్నీ తీసి దిండుకి గుచ్చింది. ఆ మాట తనూ తొమ్మిదేళ్ళు విన్నది. వేడినీళ్ళ సంచీ నడుముకి కట్టుకుని కుట్టేది. నొప్పి మెలిపెట్టినప్పుడల్లా మిషను ఆపి, దారం తెగిందని అబద్ధమాడేది. చివరికి విసిగిపోయి, తన ఒంటి కొలతకి కాగితం కత్తిరించి, నొప్పి ఉన్న చోటల్లా ఎర్ర సుద్దతో గీసి, పక్కన తేదీలు వేసి డాక్టరమ్మ బల్లమీద పరిచింది. పరీక్షలయ్యాక ఆవిడ, గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట కూడా పెరుగుతోందని చెప్పగానే పెద్దమ్మ పకపకా నవ్వేసింది. "అంటే లైనింగు పైకి కుట్టేశారన్నమాట! ఇన్నాళ్ళూ నా బుర్రే చెడిందనుకున్నా." మందులు ఒంటికి పట్టాయి. ఇప్పుడు దారం ఎప్పుడో గానీ తెగదు. మిషనుతో పాటు కూనిరాగమూ సాగుతుంది.

ఆ రాగం తీస్తూనే రెండు కాగితాలు చింపి పిల్ల చేతిలో పెట్టింది. "ఎక్కడెక్కడ నొప్పో గీసి రేపు పట్టుకురా, డాక్టరమ్మ దగ్గరికి పోదాం. రెండోది మీ అమ్మకివ్వు. మామూలే అంటోందంటే, దానికీ ఎక్కడో బిగుతుగానే ఉందన్నమాట."