నిమ్మకాయ చేతిలో ఓడిన చక్రం

నాలో ఒక సుగుణం ఉంది. సొంత డబ్బా కొట్టుకోకూడదు గానీ, ఇంకెవరూ కొట్టడం లేదు కాబట్టి నేనే చెప్పుకోవాలి. షాపులో ఏ వస్తువు చూసినా, "ఇందులో ఏముంది, ఇంట్లో మనమే చేసుకోవచ్చు" అనిపిస్తుంది నాకు. లోకం దీన్ని పీనాసితనం అంటుంది. మా ఆవిడ అనే మాట ఇక్కడ రాయడం కుదరదు. నేను మాత్రం స్వావలంబన అంటాను.

ఆ స్వావలంబన మొన్న శుక్రవారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్‌లో, హారతి పళ్లెం సాక్షిగా, ఒక నిమ్మకాయ చేతిలో చిత్తుగా ఓడిపోయింది. ఇప్పుడే నవ్వకండి. కాస్త దాచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మేముండేది డబ్లిన్‌లో. ఐర్లండ్ డబ్లిన్ కాదు, కాలిఫోర్నియా డబ్లిన్. పొద్దున్నే తలుపు తీస్తే పక్కింటి ఇంగువ తాలింపు పలకరించే డబ్లిన్. ఊరికి దగ్గర్లో డయాబ్లో అని ఒక కొండ ఉంది. స్పానిష్‌లో డయాబ్లో అంటే దెయ్యం. పేరులోనే దెయ్యం! మా ఆవిడ మాధవి వాళ్ల లేడీస్ సైకిల్ గ్రూప్ ఏటా ఒకసారి ఆ కొండెక్కుతుంది. పోయినేడాది మాధవి చివరి మలుపు దాకా వెళ్లింది. అక్కడ రోడ్డు రోడ్డులా ఉండదు, గోడలా నిలబడుతుంది. కాలు కింద పెట్టేసింది. వెనకాల వస్తున్న వ్యాన్ ఎక్కించుకుంది. పైన అందరూ దిగిన ఫొటోలో మాధవి లేదు. ఆ ఫొటో మా ఫ్రిజ్ మీద ఉంది. తనే అంటించింది! రోజూ పాలు తీసేటప్పుడు దాన్ని ఒక చూపు చూసి తలుపేస్తుంది. అంటే ఈ ఏడాది కొండ ఎంత సీరియస్సో ఊహించుకోండి. నెలల తరబడి, నేను దుప్పటి సర్దుకునే వేళకి తను హెల్మెట్ సర్దుకుంటోంది.

"పాత చక్రాలు మరీ బరువండీ. తేలికవి ఆర్డర్ పెట్టాను," అంది ఒకరోజు.

బాక్స్ వచ్చింది. చక్రాలు నిజంగానే దూదిలా ఉన్నాయి. ధర మాత్రం దూదిలా లేదు. నాలోని సుగుణం ఒళ్లు విరుచుకుని లేచింది. చక్రంలో ఏముంది? మధ్యలో హబ్బు, చుట్టూ రిమ్ము, రెంటినీ కలుపుతూ స్పోకులు. అంతే కదా! మనిషిలో మాత్రం ఏముంది, ఎముకలూ మాంసమూ, అలాగని ఇంట్లో చేసేసుకుంటామా అని ఆ క్షణంలో నన్నెవరూ అడగలేదు.

"రిటర్న్ పెట్టేయ్. నేను కడతాను. ఇంత తేలిగ్గానే, ఇందులో సగం ఖర్చుతో!"

"మీరెప్పుడైనా కట్టారా?"

"యూట్యూబ్ దేనికుంది?"

మాధవి ఉద్యోగం రిలీజ్ మేనేజర్. సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పు బయటికి వెళ్లాలన్నా తన సంతకం కావాలి. భర్త విషయంలో మాత్రం అంత కఠినంగా ఉండదు. ఉండాల్సింది. రిటర్న్ పెట్టేసింది పాపం.

కొత్త రిమ్ములు, సన్నటి స్పోకులు తెప్పించాను. హబ్బులు కొత్తవి ఎందుకు, పాత చక్రాల్లో ఉన్నవి బంగారంలా ఉన్నాయి కదా! కటింగ్ ప్లేయర్ తీసుకుని పాత చక్రం ముందు కూర్చున్నాను.

"ఏమండీ, అది కోసేస్తే రోల్‌బ్యాక్ ప్లాన్ ఏంటి?"

"ఏంటి?"

"కొత్తది పని చేయకపోతే వెనక్కి వెళ్లడానికి దారేది అని."

"వెనక్కి వెళ్లే ఆలోచనలున్న వాళ్లు ముందుకి పోలేరు మాధవీ," అన్నాను. ఎంత బాగా అన్నానో చూడండి! అని, పాత స్పోకులన్నీ టంగ్ టంగ్ మని కోసి పారేశాను. నిజం చెప్పాలంటే మొత్తం వ్యవహారంలో నేను సక్రమంగా పూర్తి చేసిన పని అదొక్కటే.

ఇక అల్లకం. స్పోకుల్ని ఒకదాని మీంచి ఒకటి దాటిస్తూ బుట్ట అల్లినట్టు అల్లాలి. వీడియోలో ఆయన నింపాదిగా చెబుతుంటే విసుగొచ్చి డబుల్ స్పీడ్‌లో చూశాను. అల్లాను. ఎంత అందంగా వచ్చిందో! ఫొటో తీసి మా ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. లైకులొచ్చాయి. తర్వాత గాలి కొట్టడానికి చూస్తే, వాల్వ్ బయటికొచ్చే రంధ్రానికి సరిగ్గా ఎదురుగా రెండు స్పోకులు కత్తెరలా అడ్డం నిలబడి ఉన్నాయి. పంపు కాదు కదా, పెన్సిల్ కూడా దూరదు. మొత్తం విప్పి మళ్లీ అల్లాను. ఆ ఫొటో గ్రూప్‌లో పెట్టలేదు.

తర్వాతది బెండు తీయడం. దీనికో స్టాండ్ అమ్ముతారు. నేను కొంటానా! సైకిల్‌ని డైనింగ్ టేబుల్ మీద తలకిందులుగా పెట్టి, ఫ్రేముకి అట్లకాడ కట్టాను. చక్రం తిరుగుతుంటే రిమ్ము ఎక్కడ అట్లకాడని గీరుకుంటే అక్కడ వంకర ఉన్నట్టు. స్పోకు చివరి బుల్లి నట్లు సులువుగా తిరగడానికి నువ్వుల నూనె చుక్కలు వేశాను. ఇల్లంతా ఆవకాయ కలుపుతున్న వాసన!

"అట్లకాడ ఎప్పుడిస్తారు?" అని వంటగదిలోంచి కేక.

"ప్రాజెక్ట్ నడుస్తోంది!"

"డిన్నర్ కూడా నడవాలి కదండీ!"

ఆ రాత్రి ఉప్మా తిన్నాం. నిలబడి తిన్నాం, టేబుల్ మీద సైకిల్ ఉంది కాబట్టి.

ఇక్కడ నా మేధస్సు గురించి చెప్పాలి. రిమ్ము కుడివైపుకి వంగితే ఎడమ స్పోకు బిగించాలి, లేదా కుడి స్పోకు వదులు చేయాలి. బిగిస్తుంటే కిర్రుమంటోంది, ఎక్కడ తెగుతుందోనని భయం. వదులు చేస్తే హాయిగా, నిశ్శబ్దంగా తిరుగుతోంది. అందుకని ప్రతిసారీ వదులే చేస్తూ పోయాను. వంకరలు పోయాయి. రిమ్ము అట్లకాడని తాకకుండా గుండ్రంగా, రాజసంగా తిరిగింది. బిగువు కొలవడానికి ఒక మీటర్ ఉంటుందని వీడియోలో ఆయన అనబోతుంటే ఆ భాగం దాటించేశాను. నాకు మీటరెందుకు? స్పోకుల్ని వేలితో మీటి చూశాను. అన్నీ ఒకే శ్రుతిలో పలికాయి. ఆ శ్రుతి కాస్త మంద్రంగా ఉందంటే, అది చక్రం స్వభావం అనుకున్నాను.

కింది ఫ్లోర్ రఘు వచ్చాడు. వరంగల్ వాడు. మాధవి, రఘు ఒకే సేల్‌లో ఒకే మోడల్ సైకిళ్లు కొన్నారు. మాధవి సైకిల్ కొండలెక్కుతుంది. రఘు సైకిల్ బాల్కనీలో బట్టలారేసుకోవడానికి ఉంటుంది. వాడు నా చక్రం పట్టుకుని రెండు స్పోకుల్ని కలిపి నొక్కాడు.

"అన్నా, ఇవి స్పోకులా, సేమ్యాలా? గిట్ల వంగుతున్నయేంది?"

"దాన్ని కంఫర్ట్ అంటారు. రోడ్డులోని గుంతల్ని మింగేస్తుంది."

"వదినను గూడ మింగేటట్లుంది."

అసూయ! బట్టలారేసుకునే వాడికి చక్రాల సంగతి ఏం తెలుస్తుంది?

రెండు చక్రాలూ పూర్తయ్యాక వంటగది కాటా మీద పెట్టి తూచాను. రిటర్న్ పెట్టిన వాటికంటే కూడా తేలిక! మరి ఇంత విజయం పూజ లేకుండా రోడ్డెక్కితే ఎలా? కొత్త బండి కొంటే నిమ్మకాయ తొక్కించమూ? శనివారం పొద్దున కొండ. శుక్రవారం సాయంత్రం వాహన పూజ. గ్రూప్‌లో నేనే ఇన్విటేషన్ పెట్టాను. ఎవరూ అడగలేదు, గమనించండి. నేనే!

మాధవి గ్రూప్ అంతా దిగింది. అందరికంటే పెద్దావిడ శారద గారు హారతి పళ్లెంతో వచ్చారు. మనవలున్నా ఇప్పటికీ కొండ మీద కుర్రవాళ్లని దాటేసే మనిషి. సైకిల్‌కి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. రఘు వీడియో తీస్తున్నాడు. ఫ్రిజ్‌లో నిమ్మకాయ ఒక్కటే ఉంది, ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన చిన్నది. అది ముందు చక్రం కింద పెట్టాం. వెనక చక్రం కిందకి శారద గారు తమ పెరటి నిమ్మకాయ ఇచ్చారు. కాలిఫోర్నియా పెరటి నిమ్మకాయ! మన బత్తాయంత ఉంది, తొక్క బూటు తోలంత మందం.

"ఎక్కవే మాధవీ, కొండ దేవుడికి దణ్ణం పెట్టుకుని ఎక్కు," అన్నారు శారద గారు.

మాధవి ఎక్కింది. పెడల్ మీద కాలేసింది. ముందు చక్రం కింద నిమ్మకాయ చిట్లింది. చప్పట్లు! నేను వినయంగా తల వంచాను.

వెనక చక్రం పెరటి నిమ్మకాయ ఎక్కింది. అది చిట్లలేదు. పక్కకి జారింది. జారుతూ జారుతూ, నాతో రా అని చక్రాన్ని పిలిచింది. చక్రం వెళ్లింది.

టింగ్. టింగ్. టింగ్ టింగ్ టింగ్.

"కంగారు పడకండి! కొత్త స్పోకులు సర్దుకుంటున్నాయి, అది నార్మల్!" అని నేను చేయెత్తి వివరిస్తున్న వీడియో ఇప్పటికీ గ్రూప్‌లో ఉంది. నా వెనకాల, అదే ఫ్రేములో, చక్రం నూనెలో వేసిన అప్పడంలా మెలికలు తిరుగుతోంది.

మాధవి పడలేదు. కాలు కింద పెట్టేసింది. సైకిల్‌ని చూసింది. మెడలో బంతిపూల దండతో, వెనక భాగం ఎనిమిది అంకెలా, పెళ్లిపీటల మీద మూర్ఛపోయిన పెళ్లికొడుకులా ఉంది అది. నిమ్మకాయ మాత్రం ఒక్క గీత పడకుండా దొర్లుకుంటూ వెళ్లి ఎవరిదో కారు కింద ఆగింది.

"పోయినేడాది చివరి మలుపు దాకా అయినా వెళ్లాను," అంది మాధవి. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "ఈసారి పార్కింగ్ లాట్ కూడా దాటనివ్వలేదు కదండీ."

ఎవరూ నవ్వలేదు. పొద్దున ఆరింటికి బయల్దేరాలి. రిటర్న్ పెట్టినవి తిరిగి రావు. పాతవి కోసేశాను. షాపులు కట్టేసే వేళ. రోల్‌బ్యాక్ అన్న మాటకి అర్థం నాకు అప్పుడు తెలిసింది. ఆ మాట తను మళ్లీ అనలేదు, నా వైపు చూసిందంతే.

"వదినా, పరేషాన్ గాకు," అన్నాడు రఘు ఫోన్ జేబులో పెట్టుకుని. "మనయి ఒకటే మోడల్ గద. నా చక్రాలు ఏసుకో." బాల్కనీకి పోయి, రెండు షర్టులూ ఒక తువ్వాలూ తీసి, సైకిల్ దింపుకొచ్చాడు.

"ముందుది బానే ఉందిగా, వెనకది ఒక్కటీ మారిస్తే చాలు," అన్నాను.

రఘు ముందు చక్రం స్పోకుల్ని నొక్కి చూశాడు. "వద్దన్నా. ఇది గూడ అదే ఆలోచనల ఉన్నది."

స్పానర్ కోసం చేయి చాచాను. "మీరు ఈ పళ్లెం పట్టుకోండి," అంది మాధవి. హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. కర్పూరం ఆరిపోయే దాకా.

గమనించారా? రఘు చక్రాలంటే, నేను ప్లేయర్‌తో కోసి పారేసినవే. అదే మోడల్, అదే బరువు. అంటే ఇన్నాళ్ల కష్టం తర్వాత, మాధవి సైకిల్‌ని నేను సరిగ్గా మొదలెట్టిన చోటికి తెచ్చాను. పైగా వాటికి బట్టల సబ్బు వాసన అదనం.

శనివారం నాకు వ్యాన్ డ్యూటీ వేశారు. అరటిపళ్లు, పులిహోర, నీళ్లు. చివరి మలుపు దగ్గర వ్యాన్ ఆపి నిలబడ్డాను. లోపల సీటు ఖాళీ చేసి ఉంచాను కూడా, మనలో మాట. ఒక్కొక్కరే వస్తున్నారు. మాధవి వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది. ఆ బరువు చక్రాలు ఒక్కో అంగుళం లెక్కపెట్టుకుంటూ తిరుగుతున్నాయి. సీట్లోంచి లేచి నిలబడి తొక్కుతోంది. ఆగుతుందేమో, ఆగితే ఆ పాపం నాదే.

"కమాన్ మాధవీ!" అని అరుస్తూ పక్కనే పరిగెత్తబోయాను.

"అడ్డం లేవండీ!" అంది.

లేచాను. తను వెళ్లిపోయింది. గోడ ఎక్కేసింది! నెలల తరబడి పొద్దున్నే తొక్కిన కాళ్లు ఎక్కించాయి. నా వంటగది కాటా తూచని సరుకు అదొక్కటే.

పైన ఫొటో నేనే తీశాను. మాధవి మధ్యలో ఉంది. నోటినిండా పులిహోర ఉంది, అయినా నవ్వుతోంది. నేనూ తేలికపడ్డాను. బతికిపోయాను, ఇక ఈ జన్మలో చక్రం జోలికి పోను అనుకుంటున్నాను. నిజంగానే అనుకుంటున్నాను.

శారద గారు సైకిల్ నడిపించుకుంటూ వచ్చారు.

"ఏమయ్యా, నా వెనక చక్రం కాస్త ఊగుతోంది. చూసిపెడతావా? నాకు పూజా గీజా ఏం అక్కర్లేదులే."

అందరూ ఆగారు. రఘు ఫోన్ తీశాడు. మాధవి పులిహోర నమలడం ఆపి నా నోటివైపే చూస్తోంది. నేను చెప్పాల్సిందల్లా రెండే ముక్కలు: నాకు రాదండీ అని. నోరు తెరిచాను.

"ఎంతసేపండీ! రేపు తీసుకొచ్చేయండి."

చక్రం అల్లడం నేర్చుకున్నాను. బెండు తీయడం సగం నేర్చుకున్నాను. రాని పని రాదని చెప్పడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.