నాచులో పురుగు, గ్లాసులో జావ

చచ్చినవాళ్లను లేపాను నేను. ఒకరిని కాదు, ముగ్గురిని. గోపన్‌పల్లిలో మా ఇంట్లోనే, పట్టపగలు, సాక్షి ఎదుట. ఆ సాక్షి నా భార్య.

తొంభైల చివర, ఎండాకాలం. హైటెక్ సిటీ వైపు గుట్టలు పేలుస్తుంటే మా వంటింట్లో గిన్నెలు కదిలేవి. ఆమె మంచం పట్టి మూడు నెలలు. దవాఖానలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అప్పటి నుంచి ముద్ద ముట్టడం మానేసింది. హఫీజ్‌పేట్ నుంచి ఆమె చెల్లెలు వచ్చి సాయంగా ఉంది.

నేను కాలేజీ ల్యాబులో అటెండరుగా రిటైరైనవాణ్ణి. అక్కడ పారేస్తుంటే అడిగి తెచ్చుకున్న మైక్రోస్కోపు ఒకటి ఇంట్లో ఉండేది. నాచులో బతికే ఎనిమిది కాళ్ల పురుగు ఒకటి, చూడటానికి ఎలుగుబంటిలా ఉంటుందని, ఎండితే గింజలా ముడుచుకుపోతుందని, నీళ్లు తగిలితే మళ్లీ లేస్తుందని కాలేజీలో సార్లు చెప్పగా విన్నాను. అది చూస్తే ఈమె మనసు మారి నాలుగు ముద్దలు తింటుందని నా ఆశ.

ఇంటి వెనక బండ మీది ఎండు నాచు గీకి తెచ్చి సాసర్లో నానబెట్టాను.

"పాచి మొకంతోని ఆ పాచి ముందర కూసున్నవేంది?" అంది మంచం మీంచే.

మధ్యాహ్నం ఆ నాచును పిండి, ఒక చుక్క గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపు కింది అద్దాన్ని వెలుతురు కోసం కిటికీ వైపు తిప్పాను. ముగ్గురన్నాను గానీ, ఉన్నది ఒక్కటే. మిగతా రెండూ ఇసుక రేణువులు. ఆ ఒక్కటైనా చచ్చింది కాదు, ఎండింది, అంతే. కానీ నిజంగానే కాళ్లు కదిలించింది, మెల్లగా, బురదలో దిగబడ్డ దున్నలా.

మైక్రోస్కోపు పెట్టిన స్టూలును మంచానికి ఆనించాను. ఆమె మోచేతి మీద లేచి, ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"ఏం తిని లేచింది ఇది?"

"ఏం తినలే. నీళ్లు తగిలినయ్, లేచింది."

"మరి నన్నెందుకు తిను తిను అని సతాయిస్తవ్?"

జావ గ్లాసు మరదలి చేతికిచ్చి, గాజుపలక కడిగే వంకతో పెరట్లోకి పోయాను. తిరిగి వచ్చేసరికి గ్లాసు ఖాళీ.

ఆ వానాకాలం దాటలేదు ఆమె. పురుగును చూశాక గ్లాసు నిండా జావ తాగిందని ఇన్నేళ్లుగా అందరికీ చెప్తున్నాను. నిండా కాదు. ఆ రోజు నేను పోసిందే సగం గ్లాసు.

మొన్న ఇదంతా రాసి మరదలికి చదివి వినిపించాను. చాటలో బియ్యం ఏరుతూ విన్నది.

"సగం సుత తాగలే బావా," అంది. "నేనే మోరీల పారబోసిన. నీకు చెప్పొద్దన్నది అక్క."