మణికట్టు మీద టైము

మిరప కోతల మేస్త్రి ఖుర్షిదా కొంగుముడిలో ఎప్పుడూ ఒక బాల్‌పెన్ను ఉంటుంది. కూలీల్లో ఎవరు జ్వరం మాత్ర మింగినా, వాళ్ల మణికట్టు మీద టైము రాస్తుంది. ఆవేళ తొమ్మిదింటికి మాత్ర వేసుకున్న బసవమ్మ, పదిన్నరకే జలుబు బిళ్ల నోట్లో వేసుకోబోయింది.

"తల పగిలిపోతందే!"

ఖుర్షిదా ఆ చెయ్యి పట్టుకుని ఆపి, బిళ్లల షీటు వెనక అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "ఇందులోనూ పారాసెటమాలే ఉంది పిన్నీ! రెండూ కలిపి ఎక్కువైతే లివరు పాడవుద్ది. ఒంటిగంట దాకా ఆగు."

నీళ్లు తాగించి, వేపచెట్టు నీడన పడుకోబెట్టి, తడిగుడ్డతో నుదురు తుడిచింది. ఒంటిగంటకు బసవమ్మ లేచేసరికి ఒళ్లంతా చెమటపట్టి జ్వరం దిగింది.

"మాత్రొద్దే, ఆకలేస్తంది" అంటూ ఖుర్షిదా క్యారేజీయే తెరిచి, గోంగూర అన్నం మెతుకు మిగల్చకుండా తినేసింది.

ఆ పూట పస్తు ఉన్న ఖుర్షిదా సాయంత్రం దాకా నవ్వుతూనే కాయలు కోసింది.