నాలుగో అడుగు దగ్గర

ఆ ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో ఆమెను అందరూ మిషనక్క అంటారు. ఆమెకు సొంత పేరొకటి ఉందన్న సంగతి హాజరు పుస్తకం తెరిస్తే తప్ప ఓనరుకు కూడా గుర్తు రాదు. పన్నెండేళ్ళుగా ఆ పెద్ద ప్రింటరు ఆమె చేతి కిందే ఉంది. వెనక రోల్ ఎక్కించడం, ముందుకొచ్చిన బొమ్మను ఆరనిచ్చి చుట్టడం, మధ్యలో మిషను మొరాయిస్తే బుజ్జగించి దారికి తేవడం, అన్నీ ఆమె పనులే. పక్క గదిలో ఉండి కూడా చప్పుడు విని ఏ రంగు అయిపోవస్తోందో చెప్పగలదు.

పనిమంతురాలే, కాదనం. నోరు మాత్రం మహా గట్టిది. టీ కప్పుతో మిషను దరిదాపులకు వచ్చినవాడు ఎంతటివాడైనా చీవాట్లు తినాల్సిందే. ఓనరు కూడా ఒకసారి తిన్నాడు. సొంత షాపులో, సొంత మిషను పక్కన, సొంత టీ చేతిలో పట్టుకుని మరీ తిన్నాడు పాపం.

ఇంత కట్టుదిట్టమైన మనిషి తన దగ్గరికి వచ్చేసరికి ఆ చట్టాన్ని కాస్త సడలించుకుంది. మిషను ముందు భాగంలో, ప్రింటయిన ఫ్లెక్స్ ఆరడానికి వెచ్చగా ఉండే ఇనుప పలక ఒకటి ఉంటుంది. ఫ్లెక్స్ దాని మీదుగా జారి కిందికి వేలాడుతుంది. ఆ పలక కింద, ఎడమ మూలన, చిన్న అర. పొద్దున్నే మిషనక్క టిఫిన్ క్యారియరు ఆ అరలో చేరుతుంది. మధ్యాహ్నానికి భోజనం వేడివేడిగా ఉంటుంది. "అది మిషను కాదా?" అని ఎవరైనా అడిగితే, "మీద పెట్టానా? కింద పెట్టాను" అంటుంది. ఆ వాదన పన్నెండేళ్ళుగా చెల్లుతూనే ఉంది.

ఇక ఆ రోజు సంగతి. మిషనక్కకు ఒక అక్క ఉంది. ఇరవై ఏళ్ళు పరాయి కొట్లలో కూర్చుని బట్టలు కుట్టింది. చేతిలో అంత పనితనం పెట్టుకుని సొంతంగా కొట్టు పెట్టవే అంటే, "నావల్ల ఎక్కడవుతుందే" అని జారుకునేది. మిషనక్క వదిలితేనా? కలిసిన ప్రతిసారీ అదే పాట. పోరగా పోరగా ఆఖరికి అక్క ఒప్పుకుంది. ఆ సాయంత్రం నాలుగింటికే కొట్టు తెరుస్తున్నారు. షట్టరు పైన తొమ్మిదడుగుల పొడవు, అయిదడుగుల ఎత్తు చట్రం బిగించి ఉంది. అందులోకి ఫ్లెక్స్ నేనే తెస్తానని మిషనక్క మాటిచ్చింది.

పొద్దున్న పదింటికి పని మొదలుపెట్టబోతూ మిషనక్క డిజైనరు కంప్యూటరులోకి తొంగి చూసింది. బట్టతల డిజైనరు గబుక్కున తెర అటు తిప్పేశాడు.

"మీ అక్క నాచేత ఒట్టు వేయించుకుంది. ప్రింటయి బయటికొచ్చేదాకా నువ్వు చూడకూడదట."

"ప్రింటు తీసేదాన్ని నేను. నాకే దాపరికమా?" అని మూతి ముడుచుకుని మిషను దగ్గరికి పోయింది.

అయిదడుగుల వెడల్పు రోల్ వాళ్ళు ఎప్పుడో గాని వాడరు. రోజూ నడిచేది మూడడుగులదే. ఉన్న పెద్ద రోల్‌లో ఇరవై అడుగులే మిగిలింది. కొత్తది రేపు గాని రాదు. అయినా తొమ్మిదికి ఇరవై ధారాళమే కదా అనుకుంది.

ఎర్ర అంచు, లోపల కుట్టు మిషను బొమ్మ, చక్కగా దిగాయి. నాలుగో అడుగు దగ్గర ఫ్లెక్స్ ఎడమ పక్క వెనకబడింది. ముడత లేచింది. రంగు చల్లే తల ఆ ముడతకు రాసుకుని బొమ్మ మీద నల్లటి గీత లాగింది. మిషనక్క ఆపేసి, పాడైన అయిదడుగులు కోసి అవతల పడేసింది.

ఫ్లెక్స్ వంకర పోతే లోపం వెనకే ఉంటుంది. అది ఆమెకు కరతలామలకం. రోల్ దింపి, అంచు గీతకు సరిగ్గా ఆనేలా మళ్ళీ ఎక్కించింది. ఫ్లెక్స్‌ను నొక్కి పట్టే రబ్బరు చక్రాలన్నీ దిగాయో లేదో ఒక్కొక్కటీ తడిమి చూసింది. స్పిరిట్ గుడ్డతో వాటి దుమ్ము తుడిచింది. వేడి ఎక్కువై ఫ్లెక్స్ మెత్తబడుతోందేమోనని అదీ తగ్గించింది. రెండోసారి మొదలుపెట్టి, వెనకే నిలబడి కళ్ళార్పకుండా చూసింది. మళ్ళీ నాలుగో అడుగు. మళ్ళీ అదే ముడత.

ఇంకో అయిదడుగులు పోయాయి. మిగిలింది పదడుగులు. అంటే ఇక ఒక్క అవకాశం.

మెకానిక్కు ఫోన్ చేస్తే రేపొస్తానన్నాడు. "మూడడుగుల రోల్ మీద చిన్నది తీద్దామమ్మా" అన్నాడు ఓనరు.

"తమ్ముడి చొక్కా అన్నకు తొడిగినట్టుంటుంది సార్. అంత చట్రంలో అంత గుడ్డముక్క. వచ్చినవాళ్ళు నవ్వరూ?"

ఒంటిగంటన్నరకు అక్క ఫోన్ చేసింది. "అయిందా?" అంది. "అవుతోంది" అంది మిషనక్క. ఫోన్ పెట్టేశాక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు పోరి పోరి దాన్ని కొట్టు పెట్టించి, ఆఖరికి బోసి చట్రం కింద నిలబెడతానా అని దిగులు పట్టుకుంది.

"ముందు నాలుగు మెతుకులు తినమ్మా. ఖాళీ కడుపుతో బుర్ర పనిచేయదు" అన్నాడు ఓనరు.

ఆకలి లేకపోయినా వంగి అరలోంచి క్యారియరు తీసింది. సాయంత్రం అక్కతో కలిసి తినాలని ఆ రోజు నాలుగు గిన్నెల పెద్ద క్యారియరు తెచ్చింది. దాని కొక్కెం మీద ఏదో ఎర్రగా కనబడింది. వేలితో రాసింది. వేలికి అంటింది. ఫ్లెక్స్ అంచున ఉన్న ఎరుపే అది.

మిషనక్క మళ్ళీ వంగి అరలోకి చూసింది. మూడడుగుల ఫ్లెక్స్ ఎప్పుడూ ఆ మూల దాకా రాదు. అయిదడుగులది వచ్చింది. పైగా పెద్ద క్యారియరు కొక్కెం అర బయటికి పొడుచుకొచ్చి ఉంది. నాలుగడుగులు దిగాక దాని అంచు కొక్కేనికి తగులుకుంది. వేలాడే ఫ్లెక్సే క్యారియరును కప్పేయడంతో ఎవరికీ కనబడలేదు. ముందునుంచి పట్టి లాగుతుంటే, వెనక ఎంత తుడిచి ఏం లాభం?

సంగతి చెప్పగానే డిజైనరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే."

ఓనరు లోపలికెళ్ళి టీ కప్పు తెచ్చుకుని, సరిగ్గా మిషను పక్కనే నిలబడి, జుర్రుమని చప్పుడొచ్చేలా తాగాడు. మిషనక్క తలవంచుకుని ఆ చప్పుడు విన్నది. తర్వాత ఆమెకూ నవ్వొచ్చింది.

క్యారియరు బల్ల మీదికి పోయింది. మిగిలిన పదడుగులు మిషనెక్కాయి. ముగ్గురూ ఈసారి ముందు నిలబడ్డారు. మూడో అడుగు దిగింది. నాలుగోది దిగింది. అయిదోది కూడా ముడత లేకుండా జారింది. అక్కడినుంచి అక్షరాలు మొదలయ్యాయి. అవి అడ్డంగా వస్తాయి గనుక మిషనక్క మెడ పక్కకు వంచి కూడబలుక్కుంది. ముందు 'చెల్లి' వచ్చింది. కాసేపటికి 'మాట' వచ్చింది. ఆ తర్వాత 'టైలరింగ్'.

"కింద ఫోన్ నంబరు సరిగ్గా పడిందో లేదో చూడు" అన్నాడు డిజైనరు.

"మీరే చూడండి. నాకు కనబడట్లేదు" అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. అంత సంతోషం ఆమె ఎన్నడూ ఎరగదు.

నాలుగింటికి 'చెల్లి మాట టైలరింగ్' చట్రంలో బిగిసింది. వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, అక్కాచెల్లెళ్ళిద్దరూ కొత్త కత్తిరింపు బల్ల మీద క్యారియరు విప్పుకుని కూర్చున్నారు. అన్నం ఎప్పుడో చల్లారిపోయింది. అక్క కొక్కెం మీది ఎరుపు చూసి, కథంతా విని, పొరబోయేదాకా నవ్వింది. చెల్లెలు మాత్రం మెదలకుండా తింటోంది.

"పదేళ్ళు నా చెవిలో జోరీగలా పోరావు. ఇవాళ ఒక్క మాటా లేదేమే?"

"బయట అంత పెద్ద అక్షరాలతో రాయించావుగా, చాలదా?" అంది మిషనక్క.