తిరిగొచ్చిన క్లచ్

మొగల్తూరు నుంచి నరసాపురం వెళ్లే రోడ్డులో, కాలవ వంతెన దిగగానే ఎడమచేతి వైపున్న రేకుల షెడ్డు లాజరుది. బోర్డు లేదు. ముప్పై ఏళ్లుగా ఒక్కచోటే ఉన్న మనిషికి బోర్డెందుకని అతని వాదన. వాదనలో లాజరుని గెలిచినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడమే కాదు, నాలుగో కాలు చూపించినవాడికి అది తోకని నచ్చజెప్పి, టీ కూడా తాగించి పంపగల సమర్థుడు.

మోటారు సైకిలు క్లచ్ విషయంలో మాత్రం అతను వాదించేవాడు కాదు. ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. "లాజరు చేతిలో పడ్డ క్లచ్ తిరిగిరాదండి" అనే మాటని పక్కన టీకొట్టు నడిపే అచ్చాయమ్మ గారు కొత్తవాళ్లకి టీతో పాటు ఉచితంగా అందించేవారు. ఆ మాట మొదట అన్నది లాజరేననీ, ఆవిడ చేత అనిపించడానికి రెండేళ్లు పట్టిందనీ గిట్టనివాళ్లు అంటారు. ఎవరన్నదైనా మాట మాత్రం నిజం. ఒకసారి అతను విప్పి బిగించిన క్లచ్, అరిగిపోయి కొత్తది వేయాల్సినంత కాలం గడిస్తే తప్ప, మళ్లీ ఆ షెడ్డు మొహం చూడలేదు.

ఆ ప్రాంతంలో క్లచ్‌లకి కష్టకాలం కానిదెప్పుడు? ఎటు చూసినా చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ప్రతి బండి మీదా రెండేసి మేత బస్తాలు. వర్షానికి జారే గట్ల మీద ఫస్ట్ గేరులో, సగం క్లచ్ నొక్కి పట్టుకునే నడపాలి. క్లచ్ లోపల ఉండేవి గుండ్రటి పలకలు, వాటినే ప్లేట్లంటారు. రాపిడి పూత ఉన్నది ఒకటి, నున్నటి స్టీలుది ఒకటి, అలా వరసగా ఆయిల్లో మునిగి ఉంటాయి. లివరు వదలగానే ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని చక్రాన్ని తిప్పాలి. పట్టు జారిందా, ఇంజను గోల పెడుతుంది, బండి మాత్రం కదలదు.

కొత్త ప్లేట్లు వేసేయడం ఎవరైనా చేస్తారు. లాజరు గొప్ప పాతవాటిని బతికించడంలో ఉంది. కడిగి, కొలిచి, నూరి, చివర కొత్త ఆయిల్లో మర్నాటి పొద్దుటిదాకా నానబెడతాడు. ఎంతటివాడు తొందరపెట్టినా ఆ ఒక్క పని దగ్గర వినడు. మినప్పప్పు నానకుండా గారెలు వండుతారా అని ఎదురడుగుతాడు. నానబెట్టే సత్తు గిన్నె ఒకప్పుడు అతని భార్య ప్రిస్కిల్లాది. ఒక్క పూటకని తీసుకెళ్లాడు. ఆ పూట ఇరవై ఏళ్లుగా పూర్తికాలేదు.

అలాంటి లాజరు దగ్గరికి, మొన్న శ్రావణంలో ఒక మంగళవారం పొద్దున, ఒక క్లచ్ తిరిగొచ్చింది.

బండి వెంకటరామరాజు గారిది. నడిపేది ఆయన చెరువుల మీద మేత వేసే బుజ్జిబాబు. సరిగ్గా పదకొండు రోజుల కిందట లాజరే విప్పి, కడిగి, నానబెట్టి బిగించిన బండి అది. వంతెన ఎత్తు మీద ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు. బుజ్జిబాబు దిగి, బస్తాలతో సహా తోసుకుంటూ వచ్చాడు. నలభై ఐదేళ్లవాడు, కుడి మోకాలు అంతంత మాత్రం. టీకొట్టు దగ్గర ఏడెనిమిది మంది గ్లాసులు చేతుల్లో పట్టుకుని చూస్తున్నారు. అచ్చాయమ్మ గారు ఏమీ అనలేదు. అనకపోవడమే లాజరుకి ఎక్కువ గుచ్చుకుంది.

సంగతి తెలిసి రాజుగారు కారేసుకుని వచ్చారు. ఆయన అడగకముందే లాజరు బుజ్జిబాబుని పట్టుకున్నాడు. ఇంజన్లో ఏం పోశావని అడిగాడు. బుజ్జిబాబుకి అబద్ధం రాదు. ఆయిలు తగ్గిందనిపించి, చెరువు దగ్గర పంపు ఇంజనుకి వాడే డబ్బాలోంచి పావు లీటరు పోశానని చెప్పాడు.

అంతే, లాజరు గొంతు లేచింది. చెరువు గట్టు మీద ఏ డబ్బా కనిపిస్తే ఆ డబ్బా ఒంపేస్తే ప్లేట్లు జారక ఏం చేస్తాయని, బండికో ఆయిలు, పంపుకో ఆయిలు అని దేవుడు ఊరికే పెట్టాడా అని, రాజుగారికి చెబుతున్నట్టు మొదలుపెట్టి టీకొట్టంతటికీ వినిపించాడు. బుజ్జిబాబు తల వంచుకున్నాడు.

రాజుగారు అక్కడికక్కడే తేల్చేశారు. "బండి బాగయ్యాక తాళం నా చేతికియ్యి లాజరూ. వీడికి బండి అచ్చిరాదు. రేపట్నుంచి నడిచి వేస్తాడు మేత" అన్నారు.

ఆరు చెరువులు, రోజుకి రెండు సార్లు, గట్టు మీద. బుజ్జిబాబు "ఆయ్" అని మాత్రం అని, ఒక బస్తా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అచ్చాయమ్మ గారి నోట పాత మాట మళ్లీ వినిపించింది. లాజరు ప్రాణం కుదుటపడింది.

బండిని ఎడమ పక్కకి వాల్చి, ఆయిలు దించి, కుడివైపు మూత విప్పాడు. నాలుగు స్ప్రింగుల బోల్టులు ఒక్కసారిగా విప్పకూడదు. ఒకదానికి ఎదురుగా ఉన్నది మరొకటి, కాస్త కాస్త వదులు చేస్తూ రావాలి. ప్లేట్లని వచ్చిన వరస తప్పకుండా తీగకి గుచ్చాడు. పెట్రోలులో కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, వెర్నియరు కొలబద్దతో మందం చూశాడు. ఒక్కటీ అరగలేదు. స్టీలు ప్లేట్లని అద్దం ముక్క మీద పెట్టి వేలితో అంచులు నొక్కి చూశాడు. ఒక్కటీ వంగలేదు. కానీ రాపిడి ప్లేట్ల మొహం చూస్తే, తలకి ఆముదం రాసుకున్నట్టు నున్నగా మెరుస్తోంది.

పావు లీటరుకి ఇంత జారుతుందా?

లాజరు ఆ ప్రశ్నని పక్కకి నెట్టి సాండ్ పేపరు అందుకున్నాడు. అద్దం మీద కాగితం పరిచి, దాని మీద ప్లేటు పెట్టి, అరచేతి బరువు తప్ప ఇంకేం మోపకుండా గుండ్రంగా తిప్పాడు. మెరుపు పోవాలి, పూత పోకూడదు. చేతికి తెలుస్తుంది ఎక్కడ ఆగాలో. అతని చేతులకి ఆ తెలివి పుష్కలంగా ఉంది. ప్రశ్న మాత్రం పోలేదు. పంపు ఆయిలు చిక్కటిది. బండికి మంచిది కాకపోవచ్చు గానీ, పావు లీటరు కలిస్తే పదకొండు రోజుల్లో ఇంత నునుపు రాదు. ఈ ప్లేట్లు పైపైన కాదు, లోపలిదాకా ఏదో తాగాయి.

అన్నీ నూరి, మళ్లీ కడిగి, ఆరబెట్టి, సత్తు గిన్నెలో పేర్చాడు. అలవాటుగా వెనక్కి చెయ్యి చాపి బల్ల మీది ఆయిలు సీసా అందుకుని, మూత తీసి వంచాడు.

సన్నగా, తేనె రంగులో ధార పడింది. అతను వాడే బండి ఆయిలు ఎర్రగా ఉంటుంది, ఇంతకంటే చిక్కగా దిగుతుంది. చప్పున సీసా పైకెత్తాడు. వేలికి రాసుకుని బొటనవేలితో రుద్దాడు. రెండు వేళ్లూ ఒకదాన్నొకటి పట్టుకోకుండా జారిపోయాయి.

నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది లాజరుకి.

సరిగ్గా అప్పుడే ప్రిస్కిల్లా అన్నం క్యారేజీతో వచ్చింది. ఇదేం ఆయిలో గుర్తుందా అని మెల్లగా అడిగాడు. గుర్తుండకూడదనే అతని ఆశ.

"ఎందుకు గుర్తులేదండీ? మా తమ్ముడి కారుకి పోయగా మిగిలింది. డబ్బా మూత విరిగిపోయిందని మీరే రెండు ఖాళీ సీసాల్లో పోశారు. గరాటు పట్టుకుంది నేనేగా. సీసా మీద రాసుకోండి అన్నాను, నాకు గుర్తుండదా అన్నారు."

రెండు సీసాలు. ఒకటి ఇది. ఇంకోటి ఖాళీ అయి, మూల పడుంది. పదకొండు రోజుల కిందట కరెంటు లేని సాయంత్రం, అచ్చాయమ్మ గారితో ఏదో వాదనలో గెలుస్తూ, చూడకుండా గిన్నెలోకి ఒంపింది అదే. మర్నాడు మిగిలినదాన్ని అదే ధీమాతో ఇంజన్లో పోసిందీ తనే. కారులో క్లచ్ ఆయిల్లో మునిగి ఉండదు, అందుకే ఆ ఆయిలు ఎంత జారితే అంత మేలు. బండి ప్లేట్లకి అదే విషం. పైగా ఊరికే పోయలేదు, ఒళ్లంతా పట్టేలా రాత్రంతా నానబెట్టి మరీ తాగించాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగే దొంగని పట్టుకున్నాడు.

ప్రిస్కిల్లా భర్త మొహం చూసి మూల ఉన్న ఖాళీ సీసా చూసింది. ఆవిడకి అర్థమైపోయింది. కంచంలో అన్నం పెట్టింది.

లాజరు ముద్ద కలిపాడు గానీ నోట పెట్టలేకపోయాడు. చెప్పకపోతే ఏమవుతుంది? తనకేమీ కాదు. రేపు బండి బాగుంటుంది, మాట నిలుస్తుంది, ముప్పై ఏళ్ల పేరు ముప్పై ఒకటో ఏట అడుగుపెడుతుంది. అయ్యేదంతా బుజ్జిబాబుకే. చేయని తప్పుకి, ఆ మోకాలితో, బస్తా భుజాన వేసుకుని ఆరు చెరువులు. లాజరుకి సిగ్గేసింది. అంతమంది ముందు దేవుణ్ణి కూడా సాక్ష్యానికి పిలిచాడే అని మరీ సిగ్గేసింది.

"మీ పేరు గురించి నేనేం చెప్పనండి" అంది ప్రిస్కిల్లా కంచం తీస్తూ. "గరాటు పట్టుకున్న పాపం మాత్రం నాకొద్దు."

అతను లేచి, ప్లేట్లన్నీ గిన్నెలోంచి తీసి, మూడోసారి కడిగాడు. సీలు తీయని కొత్త సీసా తెచ్చి, ఎండలోకి పట్టి రంగు చూసి, వేలికి రాసి చూసి, అప్పుడు గిన్నెలో పోశాడు. కారు ఆయిలు మిగిలిన సీసా మీద సుద్దముక్కతో పెద్దగా "కారు" అని రాశాడు. మూలనున్న ఖాళీదాన్ని అలాగే ఉంచాడు.

మర్నాడు పొద్దున్నే ఇంజన్ని కొంచెం కొత్త ఆయిలుతో కడిగి దించేశాడు. ఎర్రగా తడిసి బరువెక్కిన ప్లేట్లని పూతదొకటి, స్టీలుదొకటి వరసగా పేర్చాడు. స్ప్రింగులు ఎదురెదురుగా బిగించి, కొత్త ప్యాకింగ్ వేసి మూత పెట్టి, కొలిచి ఆయిలు పోశాడు. లివరు దగ్గర కేబులుకి ఓ రవ్వంత వదులుంచాడు. చేతులు ఒక్కసారి కూడా తడబడలేదు. పని విషయంలో లాజరుకి నిన్నా అనుమానం లేదు, ఇవాళా లేదు.

ఎనిమిదింటికి రాజుగారొచ్చారు. మిగిలిన బస్తా పట్టుకెళ్దామని బుజ్జిబాబూ వచ్చాడు, కుంటుతూ. టీకొట్టు నిండా నిన్నటి జనమే.

"వెనక కూర్చోండి రాజుగారూ" అన్నాడు లాజరు. "మేత బస్తాలెందుకు, మీరున్నారుగా."

ఆయన నవ్వాలో కోప్పడాలో తేల్చుకునేలోపే బండి స్టార్టయింది. వంతెన ఎత్తులో సగం దాకా వెళ్లి, లాజరు కావాలనే ఆపాడు. మళ్లీ ఫస్ట్ గేరు వేసి లివరు వదిలాడు. ఇంజను అరవలేదు. రాజుగారి నిండు విగ్రహంతో సహా బండి మారుమాట లేకుండా ఎత్తెక్కింది.

తిరిగొచ్చి దిగాక రాజుగారు తాళం కోసం చెయ్యి చాపారు. చూశారా మరి అన్నట్టు అచ్చాయమ్మ గారు జనం వైపు తిరిగి నోరు తెరిచారు.

"ఆ మాట అనకండి అచ్చాయమ్మ గారూ" అన్నాడు లాజరు. లోపలికెళ్లి రెండు సీసాలూ తెచ్చి టీ బల్ల మీద పెట్టాడు. తాను ఏ సీసాలో ఏం పోశాడో, ఏ సాయంత్రం ఏం ఒంపాడో, నిన్న తిట్టిన గొంతుతోనే, అంత గట్టిగానూ చెప్పాడు. ప్లేట్లు పాడు చేసింది పంపు డబ్బాలోని పావు లీటరు కాదన్నాడు. "నా చేతి క్లచ్ తిరిగొచ్చిందండి. తిరిగి రప్పించింది నేనే. ఇతను కాదు."

రాజుగారు సీసాల వంక, లాజరు వంక చూసి, "ఇది నిన్ననే చెప్పకపోయావా" అన్నారు.

"నిన్న పొద్దున నాకే తెలీదండి. తెలిశాక ఒక పూట దాచుకున్నాను. అదీ తప్పే."

రాజుగారి చెయ్యి ఇంకా చాపే ఉంది. లాజరు ఆ చేతిని దాటుకుని వెళ్లి, తాళం బుజ్జిబాబు అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు. రాజుగారు చాపిన చేతితోనే టీ గ్లాసు అందుకున్నారు.

బుజ్జిబాబు బస్తా ఎక్కించి వంతెన దాటాడు. ఇప్పటికీ కొత్తవాళ్లెవరైనా బండి తెచ్చి, మీ క్లచ్ తిరిగిరాదటగా అని అడుగుతుంటారు. లాజరు ముందు సీసాని ఎండకి పట్టి రంగు చూస్తాడు. తర్వాత జవాబు చెబుతాడు.

"ఒకటొచ్చిందండి. బుజ్జిబాబుని అడగండి, చెప్తాడు."