ఎర్ర లైటు ఆరేదాకా

మావారు ఫోన్ చేసి "అక్క పోయిందే" అన్నప్పుడు నేను వదిన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాను. పొద్దున ఆవిడను విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, ఆ ఆయాసంలోనే నా చెయ్యి పట్టుకుని చెప్పింది: "సేవ్ కొట్టేను పిల్లా. లైటు ఆరేదాకా ఆపీకు." కంప్యూటర్ డబ్బా మీద ఆ ఎర్ర లైటు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. తెర కదలడం లేదు. ఏడవాలో, దాన్నే చూస్తూ కూర్చోవాలో తెలియలేదు.

తల్లి పోయేనాటికి మావారు ఊయలలో ఉన్నారు. పెంచింది ఈ అక్కే. మా ఇంటి ముందు గదిలో ఆవిడ డీటీపీ పని చేసేది. బెల్లం వ్యాపారుల బిల్లు పుస్తకాలు, పెళ్లికార్డులు, ఉప్మాక గుళ్లో కల్యాణానికి కరపత్రాలు, చర్చివాళ్ల పాటల పుస్తకాలు, అన్నీ ఆ పాత కంప్యూటర్ మీదే. దానికి సరిపడే ర్యామ్ ఇప్పుడు షాపుల్లో దొరకదు. కొత్తది కొనుక్కోమంటే, "నువ్వు ఆ సొట్ట కుక్కర్ వదిలేవా, నేనిది వదలడానికి?" అని వెక్కిరించేది.

ఇంటి లెక్కలు కాగితం మీద రాసుకునే నన్ను ఆ తెర ముందు కూర్చోబెట్టింది కూడా ఆవిడే. అదెందుకంత నెమ్మదని అడిగితే వంటింట్లోకి లాక్కొచ్చింది.

"నీ గట్టు మీద ఎన్ని గిన్నెలు పడతాయి?"

"నాలుగు."

"అయిదోది?"

"వెనక గదిలో పెడతాను."

"అదీ అదే చేత్తాది. ర్యామంటే నీ గట్టు. దాని మీద పట్టనివి డిస్కులో ఒక ఫైలు చేసుకుని దాంట్లో పెట్టుకుంటాది. మళ్ళీ కావాలంటే నడిచెళ్ళి తేవాలి కదా, అందుకే లైటలా కొట్టుకుంటాది."

"వెనక గది కూడా నిండిపోతే?"

"నీలాగే, చేతిలో గిన్నె పట్టుకుని నిలబడిపోద్ది. తిట్టినా కదలదు."

అప్పటినుంచి ఆవిడ పద్ధతులు నాకు చాదస్తంగా అనిపించలేదు. డి డ్రైవ్‌లో ఎవరినీ ఏమీ పెట్టనిచ్చేది కాదు. ఆ ఫైలు ఉండేది అందులోనే, పెరగాలంటే అక్కడ చోటుండాలి. ఒకటి తెరిచే ముందు ఇంకొకటి మూసేది. ఆన్ చెయ్యగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములను "పిలవని చుట్టాలు" అనేది. అన్నీ తీసిపారేసింది. లైటు కొట్టుకుంటున్నంతసేపూ మౌస్ వదిలేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. నేను తొందరపడితే, "దాని పని దాన్ని చేసుకోనీ" అనేది.

ఒంట్లో బాగాలేకపోయినా ఈమధ్య ఒకే పని మీద కూర్చుంది. మా అత్తగారి ఫోటో ఒక్కటే మిగిలింది. చెదపట్టి పెదాల దగ్గర, గెడ్డం దగ్గర పోయింది. దాన్ని స్కాన్ చేసి, బాగా పెద్దది చేసి, చుక్క చుక్కగా నింపుతోంది. ఆ ముఖం గుర్తున్న మనిషి ఆవిడ ఒక్కతే. మావారికి తల్లి ముఖం తెలియదు.

"నీ గెడ్డమే ఫోటో తీసి అతికించకూడదా వదినా?" అన్నాను ఒకసారి.

"నాది మా నాన్న గెడ్డం. అది పెడితే మా అమ్మ అవదు."

పూర్తయ్యాకే తమ్ముడికి చూపిస్తానంది. ఇంకెక్కడా కాపీ లేదు. రోజూ అదే ఫైలు మీద సేవ్ చేసేది. ఇప్పుడు మధ్యలో ఆగిపోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. తెర మూల వర్చువల్ మెమరీ, అంటే ఆ వెనక గది, చాలడం లేదన్న సందేశం వచ్చి నిలబడింది.

ఫోన్‌లో ఆయన ఏడుస్తూనే ఉన్నారు. అడగక తప్పలేదు. "ఏవండీ, డి డ్రైవ్‌లో ఏమైనా పెట్టారా?"

"అమ్మాయి నిశ్చితార్థం వీడియో. ఖాళీగా ఉంది కదా అని పెట్టేను." మా ఇంట్లో ఖాళీ అరను చూసి ఊరుకునేవారు ఎవరూ లేరు. ఆ వెంటనే అడిగారు, "అమ్మ ఫోటో పోయిందా?"

ఫోన్ పక్కన పెట్టి తెర వైపు తిరిగాను.

అంబులెన్స్ సబ్బవరం దాటిందని కబురొచ్చేసరికి, ముందు గది ఖాళీ చేయించడానికి పక్కింటి చిన్నత్త వచ్చింది.

"ఆ బల్ల తీసీయండమ్మా. మనిషినెక్కడ పడుకోబెడతారు?"

"కాసేపాగు చిన్నత్తా. వదిన పని అవలేదు."

"మనిషే పోయింది, ఇంకా పనేటి?"

బల్ల జరపాలంటే ప్లగ్గు తియ్యాలి. మౌస్ కదిపితే ఎంతోసేపటికి గానీ బాణం కదల్లేదు. వెనక తెరిచి ఉన్న పెళ్లికార్డు మూశాను. డి డ్రైవ్ తెరిచాను. వీడియోను చెత్తబుట్టలో వేస్తే చాలదని ఆవిడే నేర్పింది: "బుట్టలో వేత్తే పోయినట్టేటి? బుట్ట ఇంట్లోనే ఉంది కదా!" షిఫ్ట్ నొక్కిపెట్టి డిలీట్ కొట్టాను. ఆ వీడియో ఇంకెవరి దగ్గరైనా ఉందో లేదో అడగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

లైటు కొట్టుకుంటూనే ఉంది. వీధిలో బండి ఆగింది. బయట ఏడుపులు మొదలయ్యాయి. చిన్నత్త స్విచ్ మీద చెయ్యి వేసింది. "వద్దు!" అని అరిచాను. ఆ ఇంట్లో అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. తెర ఒక్కసారి కదిలింది. లైటు ఆరింది.

బల్ల జరిపి, వదినను అక్కడే పడుకోబెట్టాం.

కర్మలయ్యాక బల్ల మళ్లీ దాని చోట పెట్టాం. ఫోటో ఉంది. పెదాలు వచ్చాయి, కొంచెం నవ్వుతున్నట్టున్నాయి. గెడ్డం మాత్రం ఎడమపక్క గోరంత తెల్లగా మిగిలిపోయింది. మావారు రోజూ దాని ముందుకొస్తారు. "నువ్వు నింపెయ్యవే. అక్క దగ్గర నేర్చుకున్నావు కదా" అంటారు. నిజమే, పక్కనున్న రంగు తీసుకుని ఎలా నింపాలో ఆవిడ నాకు ఓపిగ్గా నేర్పింది. ఆ గెడ్డం ఎలా ఉండేదో ఎవరినడగను?

మౌస్ పట్టుకుని, బాణాన్ని ఆ తెల్లటి చోటు మీద పెట్టి, చేతిలో గిన్నెతో నిలబడిపోయినదానిలా కూర్చుంటాను. ఆయన నా వెనకే నిలబడి ఉంటారు. ఎర్ర లైటు ఆరే ఉంటుంది.